నీళ్లు పోసిన చేయి

యాభై ఆరేళ్ల మనిషి పధ్నాలుగేళ్ల పిల్లల బెంచీలో కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? నర్సమ్మ అంత దూరం ఆలోచించుకుని రాలేదు. వచ్చి కూర్చున్నాక తెలిసింది. ఒక కాలు బెంచీ సందులోంచి బయటికి చాపి, ఇంకో కాలు ఎలాగోలా మడిచి, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుంది. పదకొండు మంది పిల్లలు కిసుక్కుమన్నారు.

"నవ్వండి, నవ్వండి," అంది ఆవిడ వెనక్కి తిరిగి. "మీలో సగం మందిని బయటికి లాగింది ఈ చేతులే. ఆ రోజు ఒక్కరూ నవ్విన పాపాన పోలేదు, అందరూ ఏడ్చారు."

దాంతో నవ్వు ఇంకా పెరిగింది. శనివారం సాయంత్రం నాలుగు గంటలు, చర్చి వెనక గది, సత్యోపదేశం తరగతి. నల్లబల్ల పక్కన నిలబడ్డ ఉపదేశి మాత్రం మురిసిపోతున్నాడు. ఫాదర్‌కి మూడు చర్చిలున్నాయి, ఇక్కడికి ఆదివారం ఒక్క పూటే వస్తాడు. మిగిలిన ఆరు రోజులూ గంట దగ్గర్నుంచి జ్ఞానస్నానాల రిజిస్టరు దాకా అన్నీ ఉపదేశి చేతిలోనే. పందొమ్మిదేళ్లుగా ఆయన పిల్లల చేత ముఖ్య పదాలు, విశ్వాసాంశాలు, కతోలికుల శ్రీసభ చరిత్ర వల్లె వేయిస్తున్నాడు. మాట్లాడితే చాలు పేజీ నంబరు చెబుతాడని పిల్లలు ఆయనకి 'పేజీ మాస్టారు' అని పేరు పెట్టారు. ముప్పై రెండేళ్లుగా ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా ఉంటూ ఒక్కసారీ చర్చి గుమ్మం తొక్కని నర్సమ్మ తనంతట తాను వచ్చి ముందు బెంచీలో కూర్చుంటే ఆయనకి పండగ్గా ఉండదా మరి.

"చాలా సంతోషం నర్సమ్మగారూ. ఎప్పటికైనా జ్ఞానస్నానం తీసుకుని మాలో కలుస్తారని నాకు తెలుసు," అన్నాడు.

"తీసుకోవడానికి రాలేదు మాస్టారూ. ఇచ్చిందాన్ని గురించి చదువుకోవడానికి వచ్చాను. మొదలుపెట్టండి."

ఉపదేశి మొహంలో వెలుగు కాస్త తగ్గింది. ఆవిడ ఎందుకొచ్చిందో ఆయనకి అర్థమైంది.

జరిగింది ఇది. పదకొండేళ్ల కిందట, ఒక మధ్యాహ్నం, బట్టలు కుట్టుకునే ఒకమ్మాయి ఏడో నెలలోనే నొప్పులతో ప్రసూతి ఆసుపత్రికి వచ్చింది. రక్తం ఆగడం లేదు. ఆపరేషన్ గదిలోకి తోసుకెళుతుంటే ఆ అమ్మాయి నర్సమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుని, "అక్కా, బిడ్డకి ఏమన్నా అయ్యేలా ఉంటే నువ్వే నీళ్లు పొయ్యి. ఫాదర్ వచ్చేదాకా ఆగకు," అంది. డాక్టరమ్మ తల్లి ప్రాణం కోసం పెనుగులాడుతోంది. బిడ్డ నర్సమ్మ చేతుల్లో ఉంది. ఆడపిల్ల, అరచేతిలో సగానికి సరిపోయే తల. ఆ బిడ్డ నిలవదని నర్సమ్మకి చూడగానే తెలిసింది. ఆవిడ తప్పకుండా నమ్మేది ఒక్క డ్యూటీనే. కానీ పాతకాలపు కన్యాస్త్రీల దగ్గర పనిచేసిన మనిషి, జ్ఞానస్నానం మాటలు ఎన్నిసార్లు వినలేదు? కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు గ్లాసులో పోసి, వెచ్చదనం సరిపోయిందో లేదో తన మణికట్టు మీద చూసుకుని, మూడుసార్లు ఆ చిన్న తల మీద పోసింది. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంది. తర్వాత వార్డు పుస్తకంలో టైముతో సహా రాసింది. బిడ్డ నలభై నిమిషాలు బతికింది.

అప్పటి పెద్ద ఫాదర్‌కి చెబితే, "చేశావా తల్లీ, మంచి పని చేశావు," అని మాత్రం అన్నాడు. వరసలో చోటు లేక సమాధుల దొడ్డిలో గోడ మూల బిడ్డని ప్రార్థన చేసి పెట్టించాడు. అప్పటికే ఆయనకి ఒంట్లో బాగోలేదు. రిజిస్టరులో ఎక్కించడం మర్చిపోయాడు, నెల తిరిగేసరికి ఆయనే పోయాడు.

ఇప్పుడు పురపాలకం వాళ్లు మురుగు కాలువ వెడల్పు చేస్తున్నారు. దొడ్డి గోడ మూడు మీటర్లు లోపలికి జరపాలి. ఆ మూడు మీటర్లలో, జ్ఞానస్నానాల రిజిస్టరులో లైను రాసి ఉన్నవాళ్ల సమాధుల్ని మాత్రమే కొత్త వరసలోకి మార్చాలని చర్చి సంఘం తీర్మానించింది. గడువు నెలాఖరు. కుట్టుపని అమ్మాయి వెళ్లి అడిగితే ఉపదేశి రిజిస్టరు అటూ ఇటూ తిప్పి, లైను లేదన్నాడు. నర్సమ్మ ఇచ్చిందని చెబితే తల గీరుకున్నాడు.

"ఆవిడకే జ్ఞానస్నానం లేదు కదమ్మా. తన దగ్గర లేనిది ఇంకొకరికి ఎలా ఇస్తుంది? పోనీ, జాలి తలచి ఆ పెట్టెని తీసి గోడ బయట ఎక్కడో ఒకచోట పెట్టిద్దాం."

"జాలి నాకొద్దు. లైను కావాలి," అని ఆ అమ్మాయి లేచి వచ్చేసింది. జాకెట్టుకి గుచ్చుకున్న సూదులు కూడా తీయకుండా తిన్నగా నర్సమ్మ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఏడవలేదు. "నువ్వు నా బిడ్డ తల మీద పోసింది ఉత్త నీళ్లంట అక్కా," అంది.

నర్సమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవర్రా ఉత్త నీళ్లన్నది? ఏ పుస్తకంలో రాసి ఉంది? అయితే ఆ పుస్తకమేదో చూద్దాం. అదీ ఆవిడ బెంచీలో కూర్చున్న కథ. చేతిలో ఉన్నవి నాలుగు శనివారాలు.

మొదటి శనివారం ముఖ్య పదాలు. ఉపదేశి ఒక్కో పదం బల్ల మీద రాసి అర్థం చెబుతాడు, పిల్లలు కోరస్‌గా అంటారు. త్రిత్వం అంటే ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు. పునరుత్థానం అంటే క్రీస్తు మూడో నాడు మృతుల్లోంచి లేవడం. కృప అంటే మనం సంపాదించుకోకుండానే దేవుడిచ్చేది.

"ఆగండి," అంది నర్సమ్మ. "సంపాదించుకోకుండానే అన్నారు. పేజీ నంబరు?"

"ఏడు," అన్నాడాయన అలవాటు కొద్దీ. ఆవిడ అక్కడ గీత గీసుకుంది. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

రెండో శనివారం చరిత్ర. మొదటి మూడు వందల ఏళ్లు క్రైస్తవులు పడిన హింసలు ఉపదేశి బాగానే చెబుతాడు, ఆయనకి ఆ పాఠం ఇష్టం. చక్రవర్తి మనుషులు వచ్చి పవిత్ర గ్రంథాలు ఇవ్వమంటే కొందరు ప్రాణాలిచ్చారు. కొందరు భయపడి గ్రంథాలే ఇచ్చేశారు, అందులో ఫాదర్ల వంటి గురువులు కూడా ఉన్నారు. హింసలు ఆగాక పెద్ద గొడవ పుట్టింది. గ్రంథాలు అప్పగించిన పిరికివాళ్ల చేతుల మీదుగా జరిగిన జ్ఞానస్నానం లాంటి సంస్కారాలు చెల్లవని ఒక వర్గం పట్టుబట్టి వేరు కుంపటి పెట్టుకుంది. వందేళ్లకు పైగా కొట్టుకున్నారు.

"చివరికి ఏం తేల్చారు?" అని అడిగింది నర్సమ్మ. పెన్ను పట్టుకుని ముందుకు వంగింది.

ఉపదేశి ఉత్సాహంలో ఉన్నాడు, గుర్తించలేదు. "చెల్లుతాయనే తేల్చారు. ఎందుకంటే ఇచ్చేది ఆ మనిషి కాదు, ఆ మనిషి ద్వారా క్రీస్తే ఇస్తాడు. చేయి మంచిదా చెడ్డదా అని..." అంటూ ఆగిపోయాడు. పదకొండు మందీ నర్సమ్మ వైపు తిరిగారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కదా.

"పేజీ నంబరు?" అంది ఆవిడ తియ్యగా.

"ముప్పై నాలుగు," అని నీళ్లు నమిలాడు. "కానీ అది వేరు నర్సమ్మగారూ. వాళ్లు పిరికివాళ్లే కావచ్చు, జ్ఞానస్నానం పొందిన పిరికివాళ్లు. మీ సంగతి అలా కాదు కదా."

ఆ మాటకి జవాబు ఆ పుస్తకంలోనే ఉండాలనుకుంది ఆవిడ. పుస్తకమంతా తిరగేసింది, దొరకలేదు. ఇంటికి పోయి అన్నం వండుకోకుండా కూర్చుంది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి భయం పట్టుకుంది. నిజంగానే ఆ గ్లాసులో ఉన్నవి ఉత్త నీళ్లేనా? ఆ అమ్మాయి తనని నమ్మి స్పృహ తప్పింది. ఇన్నేళ్లూ ఆదివారం ఆదివారం ఆ మూలకి పోయి నిలబడి వస్తోంది. తను ఏమీ ఇవ్వనే లేదా?

భయం పుడితే నర్సమ్మ చేసేది ఒకటే, మొదటి నుంచి మళ్లీ లెక్క చూసుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక దూది ముక్కలు లెక్కపెట్టే అలవాటది, ఒక్కటి తగ్గినా కుట్టు వేయనివ్వదు. పుస్తకం చివర పదాల పట్టిక ఉంది కదా, దాన్ని వేలు పెట్టి ఒక్కో మాట చదివింది. మొదటి మాట 'ఆగమన కాలం'. రెండోది 'ఆత్మ'. మళ్లీ వెనక్కి వెళ్లింది. పట్టిక 'ఆ' దగ్గర మొదలవుతోంది.

"'అ' ఏమైంది మాస్టారూ?" అని మూడో శనివారం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది.

"అచ్చే అలా వచ్చింది."

"'అ' అక్షరంతో ఒక్క మాటా లేని మతం ఎక్కడైనా ఉంటుందా? అపొస్తలుడేడీ? అవతారమేదీ?"

ఉపదేశి తన సొంత ప్రతి తీసి చూసుకున్నాడు. పిల్లల పుస్తకాలన్నీ ఆ ప్రతికి తీసిన జిరాక్సులే, పందొమ్మిదేళ్లుగా. పట్టికకి ముందు ఒక కాగితం చిరిగిన అంచు, వేలెడంత, కుట్టులో ఇరుక్కుని ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

"మా చిన్నది," అన్నాడు మెల్లగా. "పళ్లొచ్చే రోజుల్లో పుస్తకాలన్నీ నమిలేది. ఇది చూసుకోలేదు."

"మీ చిన్నదా? దాన్ని కూడా నేనే కదా పుట్టించింది!" అని నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. "నా ఖర్మ, నా చేత్తో పుట్టిన పిల్లే నా పేజీ మింగేసింది. పందొమ్మిదేళ్లుగా మీ పిల్లలు పట్టికలో అవతారం లేకుండానే పాసవుతున్నారు మాస్టారూ!"

పిల్లలు బెంచీల మీద పడి దొర్లారు. పాపం ఉపదేశి కూడా నవ్వాడు, నవ్వుతూనే కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ రోజు పాఠం సరిగా సాగలేదు. తూర్పు పడమరల శ్రీసభలు విడిపోయింది ఏ శతాబ్దమని అడిగితే ఒకడు లేచి, "పేజీ నమలకముందు మాస్టారూ," అన్నాడు.

ఇక నర్సమ్మ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగగానే ఆ బట్టలతోనే. అసలు అచ్చు ప్రతి ఎవరింట్లోనైనా ఉండాలి కదా. సైకిళ్ల షాపులో అడిగింది, తపాలా గుమస్తా ఇంట్లో అడిగింది. ఎక్కడికి వెళ్లినా పుస్తకం బదులు తను పుట్టించిన పిల్లల్ని వరసగా నిలబెట్టి చూపించారు. బుధవారం రొట్టెల బట్టీ ముసలమ్మ దగ్గర దొరికింది. ఆవిడకి చిన్నప్పుడు చర్చిలో బహుమతిగా ఇచ్చిన పుస్తకమట, అట్ట వేసి పెట్టెలో దాచుకుంది. ముసలమ్మ పిండి చేతులు కడుక్కుని మరీ తెచ్చి ఇచ్చింది. నర్సమ్మ నిలబడే తెరిచింది. 'అ' పేజీలో మొదటి మాట మీదే వేలు ఆగింది.

అత్యవసర జ్ఞానస్నానం: ప్రాణాపాయంలో ఉన్నవారికి, గురువు అందనప్పుడు, ఎవరైనా, తాము జ్ఞానస్నానం పొందనివారైనా సరే, శ్రీసభ ఉద్దేశించిన దానినే తామూ ఉద్దేశించి, తలపై నీరు పోయుచు త్రిత్వ నామమున ఇయ్యవచ్చును. అది చెల్లును. మరల ఇయ్యరాదు.

బట్టీ వేడిలో అలా నిలబడి మూడుసార్లు చదివింది. తర్వాత ముసలమ్మని గట్టిగా వాటేసుకుంది.

"పిచ్చిదానా, వదులు, రొట్టె మాడిపోతోంది," అంది ముసలమ్మ.

నాలుగో శనివారం పరీక్ష. ఫాదరే వచ్చి నోటితో ప్రశ్నలడుగుతాడు, తల్లిదండ్రులంతా వెనక వరసల్లో కూర్చుంటారు. ఈ ఫాదర్ కుర్రవాడు, మెత్తని మనిషి, తప్పు మాట దొర్లుతుందేమోనని ప్రతి వాక్యానికీ ముందు ఒకసారి గుటక మింగుతాడు. పక్కనే సంఘ పెద్ద, ఊళ్లో ఇనుప సామాన్ల దుకాణం ఆయనదే. పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పారు. అందరూ అయ్యాక నర్సమ్మ లేచింది. తలుపు దగ్గర కుట్టుపని అమ్మాయి నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నన్నూ అడగండి ఫాదర్. ఒక్క ప్రశ్న చాలు. జ్ఞానస్నానం ఎవరు ఇవ్వొచ్చు?"

ఫాదర్ ఉపదేశి వైపు చూశాడు. ఉపదేశి లేచి, ఎవరూ అడక్కుండానే, నర్సమ్మ ముందే తెచ్చిచ్చిన రొట్టెల బట్టీ పుస్తకం తెరిచి ఆ పేజీ గట్టిగా చదివాడు. 'పొందనివారైనా సరే' అన్న చోట వేలు పెట్టి రెండోసారి చదివాడు. "ఇన్నేళ్లూ తప్పు చెప్పాను ఫాదర్," అని కూర్చున్నాడు.

"అది నిజమే," అన్నాడు ఫాదర్. "శ్రీసభ ఈ సంగతి శతాబ్దాల కిందటే తేల్చింది. నన్నే ముందు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి." గుటక మింగాడు. "కాకపోతే ఒక మాట ఉంది అక్కడ. ఉద్దేశం. శ్రీసభ ఉద్దేశించిందే మీరూ ఉద్దేశించాలి. మీరేమో నమ్మనివారు. ఆ వేళ మీ మనసులో ఏముందో..."

సంఘ పెద్ద అందుకున్నాడు. "ఎందుకమ్మా ఈ తర్జనభర్జనలు? నాలుగు వారాలు చదివావు, పిల్లలకంటే బాగా వచ్చు నీకు. ఇవాళే నువ్వూ జ్ఞానస్నానం తీసేసుకో. ఎవరూ వేలెత్తి చూపరు. రేపొద్దున్నే బిడ్డ లైను రాయించేస్తాను, నాది పూచీ. అందరికీ బాగుంటుంది."

వెనక వరసల్లో సరేనన్నట్టు తలలు ఊగాయి. ఎంత తేలిక! ఒక గ్లాసు నీళ్లు తన తల మీద పోయించుకుంటే సరిపోతుంది. నర్సమ్మ తలుపు వైపు చూసింది. ఆ అమ్మాయి కళ్లు కిందికి దించుకుంది. నువ్వు ఏదంటే అదే అక్కా, అన్నట్టుంది.

"నాకు బాగుండదు," అంది నర్సమ్మ. "ఇవాళ నేను నీళ్లు పోయించుకుని, రేపు మీరు లైను రాస్తే దానర్థం ఏమిటయ్యా? అప్పుడు నా చేయి చెల్లలేదు, ఇప్పుడు బాగు చేసుకొచ్చాను అనేగా? ఆ బిడ్డకి నీళ్లు పోసింది ఇప్పటి చేయి కాదు. ఆ రోజు చేయి. అది చెల్లుతుందా లేదా, ఆ ఒక్కటి చెప్పండి. నన్ను మార్చి ఆ బిడ్డని లోపలికి తీసుకోవడం నేను ఒప్పుకోను."

"మరి ఉద్దేశం?" అన్నాడు ఫాదర్ మెల్లగా. ఆయన పట్టుకోవడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నమ్మానో లేదో నాకు తెలీదు ఫాదర్, అబద్ధమెందుకు ఆడాలి? కానీ ఏం అనుకున్నానో బాగా తెలుసు. ఆ పిల్ల నా చేయి పట్టుకుని నీళ్లు పొయ్యమంది. ఏ నీళ్లు? స్నానం చేయించే నీళ్లా? మీరు ఆదివారం ఆ గంగాళం దగ్గర ఇస్తారే, అవి. ఆవిడకి కావాల్సింది, మీరిచ్చేది, అదే ఇవ్వాలనుకున్నాను. అంతకు పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు. వేడి కూడా చూసుకున్నాను, చల్లగా ఉంటే బిడ్డ ఉలిక్కిపడుతుందని." అక్కడ ఆగి చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ మనిషి ఏడవడం ఊళ్లో ఎవరూ చూసి ఉండలేదు. "ఇది చాలకపోతే చాలదని నా మొహం మీద చెప్పండి. కానీ మీ పుస్తకం అడిగింది ఇదేనా కాదా?"

ఫాదర్ ఈసారి గుటక మింగలేదు.

"ఇదే," అన్నాడు. "పుస్తకం అడిగింది సరిగ్గా ఇదే. రిజిస్టరు తీసుకురండి మాస్టారూ."

సంఘ పెద్ద మొహం ముడుచుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఉపదేశి పరుగున పోయి రిజిస్టరు తెచ్చి, బల్ల మీద పరిచి, పెన్ను విదిలించి గళ్లు నింపడం మొదలుపెట్టాడు. తేదీ నర్సమ్మ చెప్పింది, టైముతో సహా. ఇచ్చినవారు అన్న గడిలో 'ప్రసూతి వార్డు నర్సు' అని రాశాడు. పక్క గడి దగ్గర చేయి ఆగింది. ఇచ్చినవారి సభ్యత్వ సంఖ్య.

"ఇది ఖాళీగా వదలకూడదే," అన్నాడు ఇబ్బందిగా.

"ఖాళీగా ఎందుకు వదలాలి? 'లేదు' అని రాయండి," అంది నర్సమ్మ. "పెద్ద అక్షరాలతో. రేపు ఎవరైనా తిరగేస్తే కనపడాలి."

ఆయన పెద్ద అక్షరాలతోనే రాశాడు. ఒకే ఒక్క గడి మిగిలింది, అందరికంటే ముందుది. ఉపదేశి తలెత్తి, "బిడ్డ పేరు?" అన్నాడు.

నర్సమ్మకీ తెలీదు. ఆ రోజు పేరు అడగడానికి తల్లికి స్పృహ లేదు, ఆ తర్వాత అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కుట్టుపని అమ్మాయి తలుపు దగ్గర్నుంచి కదిలి, బెంచీల మధ్యలోంచి నడిచి, బల్ల ముందుకొచ్చి నిలబడింది. పదకొండేళ్లుగా నోట్లోనే దాచుకున్న మాటని, గదిలో చివరి వరస దాకా వినపడేలా, తల ఎత్తి చెప్పింది.

ఉపదేశి రాశాడు. ఆ పేరేమిటని మాత్రం నన్నడక్కండి. రిజిస్టరులో ఉంది, వెళ్లి చూసుకోండి.